సైన్యం విడిచాక అమెరికా ఫెడరల్ భద్రతా ఉద్యోగానికి దరఖాస్తు ఎలా చేయాలి

"అమెరికా సైన్యంలో నాలుగేళ్లు పనిచేసి బయటికి వచ్చాను. ప్రముఖుల రక్షణలోనో, ఫెడరల్ భవనాల భద్రతలోనో ఉద్యోగం చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న తెలుగు కుర్రాళ్ల నుంచి, ఒక్కోసారి ఊళ్లో ఉన్న వాళ్ల నాన్నగారి నుంచి కూడా, తరచుగా వస్తూనే ఉంది. విద్యార్థి వీసా మీద వచ్చి, ప్రత్యేక నైపుణ్యాలున్న విదేశీయులను తీసుకోవడానికి 2008 చివర ఆమోదం పొంది 2016లో ఆగిపోయిన మావ్ని పథకం ద్వారా సైన్యంలో చేరి, ఆ దారిలోనే పౌరసత్వం పొందినవారు ఇలా అడిగేవారిలో ఎక్కువ. విడివిడిగా జవాబు రాయడం కంటే మొత్తం వరుసను ఒకచోట పెట్టడం మేలనిపించింది. తుపాకీ పట్టడం మీకు ఇప్పటికే వచ్చు కనుక దాని గురించి ఇక్కడ రాయడం లేదు. ఈ దారిలో మనవాళ్లు వెనక్కి తిరిగి వచ్చేది ఎక్కువగా కాగితాల దగ్గరే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- డీడీ 214 పత్రం, అంటే సైన్యం విడిచేటప్పుడు ఇచ్చే సర్వీసు ధ్రువపత్రం. ఇందులో "మెంబర్ 4" అని ముద్రించిన ప్రతే కావాలి. "మెంబర్ 1" ప్రతిలో మీరు ఏ స్థితిలో సర్వీసు విడిచారన్న వివరం ఉండదు కాబట్టి అది పనికిరాదు. పోయి ఉంటే మిల్‌కనెక్ట్ వెబ్‌సైటు ద్వారా గానీ, ఎస్ఎఫ్ 180 ఫారం నింపి సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటరుకు పంపి గానీ తెప్పించుకోవచ్చు.
- ఇంకా సర్వీసులోనే ఉన్నట్లయితే, 120 రోజుల్లోగా గౌరవప్రదంగా విడుదల కాబోతున్నారని మీ పై అధికారులు ఇచ్చే ధ్రువపత్రం. 2011 నాటి వావ్ చట్టం ప్రకారం దీనిని డీడీ 214కు బదులుగా జతచేయవచ్చు.
- సర్వీసు వల్ల కలిగిన వైకల్యానికి శాతంలో ఇచ్చే రేటింగు ఉన్నవారికి వెటరన్స్ అఫైర్స్ (మాజీ సైనికుల వ్యవహారాల) శాఖ ఇచ్చిన లేఖ, ఎస్ఎఫ్ 15 ఫారం.
- పౌరసత్వ ధ్రువపత్రం, అమెరికా పాస్‌పోర్టు, రద్దయిన భారత పాస్‌పోర్టు, దాని సరెండర్ సర్టిఫికెట్, ఓసీఐ కార్డు ఉంటే అదీ.
- పురుషులైతే సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యానికి పిలవడానికి ప్రభుత్వం ఉంచే జాబితా) నమోదు రుజువు. విద్యార్థి వీసా ఉన్నంతకాలం, పూర్తికాలం సైన్యంలో ఉన్నంతకాలం నమోదు అవసరం లేదు. అయితే 26 ఏళ్లు నిండకముందే సైన్యం విడిచినవారు మాత్రం నమోదు చేసుకోవలసిందే. ఆ వయసు దాటిపోయి సందేహం మిగిలి ఉంటే, ఆ సంస్థ నుంచే స్టేటస్ ఇన్ఫర్మేషన్ లెటర్ తెప్పించుకోండి.
- ఎస్ఎస్‌సి మెమో, ఇండియాలో మీ పేరిట ఉన్న భూమి పట్టాదారు పాసుపుస్తకం లేదా దస్తావేజు నకలు, ఎన్ఆర్ఓ, ఎన్ఆర్ఈ ఖాతాల స్టేట్‌మెంట్లు.
- ఒక నోటు పుస్తకం. గత 10 సంవత్సరాల్లో మీరు నివసించిన ప్రతి చిరునామా, చేసిన ప్రతి ఉద్యోగం నెలతో, సంవత్సరంతో సహా ఇందులో రాయడం ఈరోజే మొదలుపెట్టండి.

1. ఏ తలుపు తట్టాలో తేల్చుకోండి

ఫెడరల్ ఉద్యోగ ప్రకటనలు వచ్చే యూఎస్ఏజాబ్స్ వెబ్‌సైటులో "సెక్యూరిటీ" అని వెతికితే కంప్యూటరు భద్రత నుంచి గేటు కాపలా దాకా అన్నీ కలగాపులగంగా వస్తాయి. మాటతో కాక, ఉద్యోగపు రకాన్ని తెలిపే సిరీస్ సంఖ్యతో వెతకండి. 0083 అంటే పోలీసు, 0085 అంటే గార్డు, 0080 అంటే భద్రతా నిర్వహణ, 1811 అంటే నేర పరిశోధక ఏజెంటు. అధ్యక్షుని పక్కన నడిచే సీక్రెట్ సర్వీస్ స్పెషల్ ఏజెంట్లు 1811 వారే. 1865లో దొంగనోట్లు పట్టుకోవడానికి పుట్టిన ఆ సంస్థ, 1901లో అధ్యక్షుడు మెకిన్లీ హత్య తర్వాతే పూర్తికాల రక్షణ బాధ్యత తీసుకుంది. నేటికీ అందులో ఏజెంటుగా చేరినవారు పరిశోధన, రక్షణ రెండూ చేయాలి. శ్వేతసౌధం చుట్టూ యూనిఫాంలో కనిపించేవారు అదే సంస్థలోని యూనిఫార్మ్‌డ్ డివిజన్‌కు చెందినవారు. రాయబార కార్యాలయాలనూ విదేశాంగ మంత్రినీ కాపాడేది డిప్లొమాటిక్ సెక్యూరిటీ సర్వీస్. రక్షణ శాఖ కేంద్ర కార్యాలయమైన పెంటగాన్‌కు 2002లో ఏర్పడిన ప్రత్యేక దళం ఉంది. అమెరికా కాంగ్రెస్ భవనాన్ని కాపాడే కాపిటల్ పోలీసు శాసన విభాగం కింద ఉంటుంది కనుక దానికి దాని సొంత వెబ్‌సైటులోనే దరఖాస్తు చేయాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలోనో, ఫెడరల్ కోర్టులోనో ద్వారం దగ్గర మీ సంచి తనిఖీ చేసే వ్యక్తి సాధారణంగా ఫెడరల్ ఉద్యోగి కాడు. ఫెడరల్ ప్రొటెక్టివ్ సర్వీస్ గానీ, మార్షల్స్ సర్వీస్ గానీ ఒప్పందం కుదుర్చుకున్న ప్రైవేటు కంపెనీ అతనికి జీతం ఇస్తుంది. ఆ ఉద్యోగం చెడ్డదని కాదు, అక్కడి అనుభవం తర్వాత పనికివస్తుంది. అయితే దానికి ఫెడరల్ పింఛను ఉండదు, నియామకాల్లో మాజీ సైనికులకు ఇచ్చే ప్రాధాన్యం, అంటే వెటరన్ ప్రిఫరెన్స్, కూడా వర్తించదు. ప్రకటనలో జీతం ఫెడరల్ ఉద్యోగుల సాధారణ వేతన శ్రేణి అయిన "జీఎస్" గ్రేడులో గానీ, ఆ సంస్థ సొంత ఫెడరల్ వేతన శ్రేణిలో గానీ ఉందో లేదో చూస్తే తేడా తెలిసిపోతుంది.

మరో విషయం: నేరుగా ప్రభుత్వమే నియమించే 0085 గార్డు ఉద్యోగాల పోటీ, ప్రిఫరెన్స్ ఉన్న మాజీ సైనికులు దొరికినంతకాలం వారికే పరిమితం కావాలని చట్టంలోనే ఉంది. హోదా చిన్నదని మనవాళ్లు ఈ ఉద్యోగాల వైపు చూడరు. నన్నడిగితే, ఫెడరల్ వ్యవస్థలో కాలు పెట్టడానికి ఇంతకంటే తేలికైన గడప లేదు.

2. మీ ప్రిఫరెన్స్ ఏదో కాగితం చూసి నిర్ణయించండి

సైన్యంలో పనిచేసిన ప్రతివారికీ ప్రిఫరెన్స్ కింద 5 పాయింట్లు అదనంగా వస్తాయనుకోవడం పొరపాటు. శిక్షణ కాలం మినహా వరుసగా 180 రోజులకు మించి యాక్టివ్ డ్యూటీ చేసి, అందులో కొంతభాగమైనా 2001 సెప్టెంబరు 11 నుంచి 2010 ఆగస్టు 31 లోపు పడి ఉంటే 5 పాయింట్ల అర్హత ఉంటుంది. ఆ తర్వాత చేరినవారికి, అంటే మావ్ని ద్వారా వచ్చినవారిలో చాలామందికి, నిర్దిష్ట సైనిక చర్యలో పాల్గొన్నందుకు ఇచ్చే క్యాంపెయిన్ మెడల్ గానీ ఎక్స్‌పెడిషనరీ మెడల్ గానీ ఉండాలి. డీడీ 214లో 13వ గడి చూడండి. సర్వీసంతా టెక్సస్‌లోనో, జార్జియాలోనో గడిచి, ఆ గడిలో సాధారణ సర్వీసు రిబ్బన్లే ఉంటే 5 పాయింట్లు అడగవద్దు. వైకల్యం రేటింగు గానీ, యుద్ధంలో గాయపడినవారికి ఇచ్చే పర్పుల్ హార్ట్ పతకం గానీ ఉన్నవారికి 10 పాయింట్లు. మేజర్ లేదా అంతకు పై హోదాలో రిటైరైనవారికి, వైకల్యం ఉంటే తప్ప, ప్రిఫరెన్స్ లేదు.

ప్రిఫరెన్స్ లేదని నిరాశపడవలసిన పనిలేదు. 3 సంవత్సరాలు ఎడతెగకుండా యాక్టివ్ డ్యూటీ చేసి గౌరవప్రదంగా విడుదలైనవారు 1998 నాటి వీఈఓఏ చట్టం కింద, బయటివారికి మూసి ఉండే అంతర్గత ప్రకటనలకు కూడా దరఖాస్తు చేయవచ్చు. ఇటీవల సర్వీసు విడిచినవారిని వీఆర్ఏ కింద జీఎస్ 11 వరకు పోటీ లేకుండానే నియమించే వీలుంది. వైకల్యం 30 శాతం లేదా అంతకు పైన ఉన్నవారికి వేరే ప్రత్యేక నియామక పద్ధతి ఉంది. వీటిలో ఏవేవి వర్తిస్తాయో మీ యూఎస్ఏజాబ్స్ ప్రొఫైలులో గుర్తు పెట్టండి.

"5 పాయింట్లు" అన్న మాట వాడుకలో మిగిలింది గానీ, మార్కులకు బదులు అభ్యర్థులను వర్గాలుగా విడదీసే పద్ధతిలో పాయింట్లు కలపరు. మీరు పడిన వర్గంలో మిగతావారికంటే ముందు నిలబెడతారు. 10 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవారిని చాలా ఉద్యోగాలకు ఏకంగా పై వర్గంలోకి తీసుకుంటారు. వీఈఓఏ కింద చేసిన దరఖాస్తుకు మాత్రం ఈ ముందువరుస వర్తించదు, లోపలికి ప్రవేశం మాత్రమే దొరుకుతుంది. అందువల్ల ఒకే ఉద్యోగానికి ప్రజలందరికీ ఒకటి, లోపలివారికి ఒకటి చొప్పున రెండు ప్రకటనలు కనిపిస్తే రెండింటికీ విడివిడిగా దరఖాస్తు చేయండి.

వయసు సంగతి: 1811 తరహా ఉద్యోగాల్లో సాధారణంగా 37 ఏళ్లు నిండేలోగా చేరాలి. డిప్లొమాటిక్ సెక్యూరిటీ ఏజెంటు ఉద్యోగానికి సంబంధించిన ఒక వివాదంలో, ఫెడరల్ ఉద్యోగ వివాదాలు వినే మెరిట్ సిస్టమ్స్ ప్రొటెక్షన్ బోర్డు 2008లో ఇచ్చిన తీర్పు తర్వాత, ప్రిఫరెన్స్ ఉన్న మాజీ సైనికులకు ఈ పరిమితి నుంచి మినహాయింపు పొందే దారి ఏర్పడింది. 5 పాయింట్ల అర్హత మీకు నిజంగా ఉందా లేదా అన్నది 36 దాటినవారికి అందుకే అంత ముఖ్యం. ప్రకటనలో వయసు గురించి రాసిన పేరా పూర్తిగా చదవండి.

3. ప్రకటనను చివరివరకు చదవండి

ముగింపు గడువు సాధారణంగా తూర్పు తీర సమయం రాత్రి 11:59. కాలిఫోర్నియాలో ఉన్నవారికి అది 8:59 అవుతుంది. కొన్ని ప్రకటనలు నిర్ణీత సంఖ్యలో దరఖాస్తులు రాగానే ఆ రోజే మూతపడతాయి. "కావలసిన పత్రాలు" అన్న భాగాన్ని కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ జతచేయండి. ఒక్క పత్రం తగ్గినా అర్హుడిని అనర్హుడిగా లెక్కిస్తారు, ఫోన్ చేసి అడిగేవారు ఉండరు.

4. రెజ్యూమే రాయండి

2025 సెప్టెంబరు 27 నుంచి యూఎస్ఏజాబ్స్‌లో రెజ్యూమే రెండు పేజీలు మించకూడదు. పాత రోజుల్లో ఐదారు పేజీలు రాయమని చెప్పిన సలహాలు ఇప్పుడు పనికిరావు. ప్రతి ఉద్యోగానికీ మొదలైన నెల, ముగిసిన నెల, వారానికి ఎన్ని గంటలు పనిచేశారో తప్పక రాయండి. గంటలు రాయకపోతే ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

ప్రకటనలో "స్పెషలైజ్‌డ్ ఎక్స్‌పీరియన్స్" అన్న పేరా దొరికేదాకా వెతకండి. కింది గ్రేడుకు సమానమైన ఏడాది అనుభవం అంటే ఏమిటో అందులో ఉంటుంది. అందులోని ప్రతి పనికీ మీ రెజ్యూమేలో ఒక జవాబు కనిపించాలి. ఉదాహరణకు "గేటు దగ్గర గార్డు డ్యూటీ చేశాను" అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. "రోజుకు 400 వాహనాలు వచ్చే ప్రవేశద్వారం వద్ద ఆరుగురు సైనికుల బృందానికి నాయకత్వం వహించి, గుర్తింపు పత్రాలు పరిశీలించి, వాహనాలు తనిఖీ చేసి, ఘటనా నివేదికలు రాశాను" అంటే నాలుగు అర్హతలు ఒక్క వాక్యంలో కనిపిస్తాయి. అంకెలు మీవి, నిజమైనవి అయి ఉండాలి. సైన్యపు పొట్టి పేర్లు విప్పి రాయండి. 92వై అంటే సరఫరా విభాగమని మానవ వనరుల ఉద్యోగికి తెలియకపోవచ్చు. సరఫరాలో చేసినా ఆయుధాగారం తాళాలు, లెక్కలు మీ చేతిలో ఉండి ఉంటే అది భద్రతా అనుభవమే, దాన్ని పైకి తీయండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. సైన్యంలో చేరకముందు ఏదైనా కన్సల్టెన్సీ మీ పేరిట చేయని అనుభవం కలిపి రెజ్యూమే తయారుచేసి ఉంటే, దానిలోని ఒక్క వరుస కూడా ఇందులోకి తేవద్దు. ఫెడరల్ దరఖాస్తులో తెలిసి అబద్ధం రాయడం నేరం, దానికి 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష ఉంది.

5. ఫలితం చదవడం నేర్చుకోండి

దరఖాస్తు పంపాక ఖాతాలో "రిసీవ్‌డ్", "రిఫర్‌డ్", "నాట్ రిఫర్‌డ్" వంటి స్థితులు కనిపిస్తాయి. రిఫర్‌డ్ అంటే మీ పేరు నియామక అధికారి చేతికి వెళ్లిందని మాత్రమే అర్థం. తిరస్కరణ వస్తే కారణం తెలిపే ఈమెయిలును పారేయకుండా చదవండి. "పత్రాలు లేవు" అని ఉంటే తప్పు జతచేయడంలో, "కనీస అర్హత లేదు" అని ఉంటే తప్పు రెజ్యూమేలో ఉన్నట్టు. "ప్రిఫరెన్స్ ఇవ్వలేదు" అని ఉండి, అది అన్యాయమని మీ పత్రాలు చూపిస్తుంటే, 60 రోజుల్లోగా కార్మిక శాఖలో మాజీ సైనికుల ఉద్యోగ వ్యవహారాలు చూసే వెట్స్ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. గడువు దాటితే ఆ హక్కు నిలబెట్టుకోవడం చాలా కష్టం.

6. ఎస్ఎఫ్ 86: నిజమైన పరీక్ష

షరతులతో కూడిన ఉద్యోగ ప్రతిపాదన వచ్చాక నేపథ్య విచారణ కోసం 130 పేజీలకు పైబడిన ఈ ప్రశ్నావళిని ఆన్‌లైన్‌లో నింపాలి. నిర్ణయం 13 మార్గదర్శకాల ప్రకారం జరుగుతుంది. మనవాళ్లకు అడ్డు తగిలేవి ముఖ్యంగా విదేశీ ప్రభావం, ఆర్థిక విషయాలు, నిజాయితీ. ఇండియాలో అమ్మానాన్నలు ఉండడం తప్పు కాదు. ఉన్న సంగతి రాయకపోవడమే తప్పు.

పేర్లు: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, కాలేజీ పత్రాల్లో పొడి అక్షరం మాత్రమే. ఇవన్నీ "వాడిన ఇతర పేర్లు" కిందికి వస్తాయి, ప్రతి రూపమూ రాయండి. బడిలో చేర్చేటప్పుడు పుట్టినరోజు మార్చి వేయించిన ఇళ్లు మనకు కొత్త కాదు. మీ అధికారిక పత్రాల్లో ఉన్న తేదీనే రాసి, వ్యాఖ్యల గడిలో అసలు సంగతి ఒక వాక్యంలో చెప్పండి.

చిరునామాలు: తెలంగాణ జిల్లాలు 2016లోనూ 2019లోనూ, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022లోనూ మారాయి. పుట్టిన ఊరికి పాస్‌పోర్టులో ఉన్నట్టు రాసి, తల్లిదండ్రుల ప్రస్తుత చిరునామాకు ఇప్పటి జిల్లా, మండలం, పిన్‌కోడు రాయండి. గత 3 సంవత్సరాల్లోని ప్రతి నివాసానికీ మిమ్మల్ని అక్కడ ఎరిగినవారి పేరు కావాలి. ఐదుగురు కలిసి అద్దెకున్న అపార్ట్‌మెంటులో కనీసం ఒకరి ఫోన్ నంబరైనా సంపాదించండి.

బంధువులు: తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు అందరూ, చనిపోయినవారు కూడా. విదేశంలో ఉన్న బంధువుకు అక్కడి ప్రభుత్వంతో సంబంధం ఉందా అని అడుగుతారు. జిల్లా పరిషత్ బడిలో పంతులుగా రిటైరైన నాన్నకు "అవును" అనే రాసి వివరించండి. అన్నయ్య ఏపీఎస్ఆర్టీసీ కండక్టరైతే, ఆ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు కనుక అక్కడా అంతే. మేనమామలు, చిన్ననాటి స్నేహితులు ఈ భాగంలోకి రారు. వారితో అనుబంధం, రాకపోకలు కొనసాగుతుంటే "విదేశీ పరిచయాలు" భాగంలో రాయాలి. పాఠశాల వాట్సాప్ గ్రూపులోని 200 మందినీ ఎక్కించనక్కరలేదు. వారంవారం ఫోన్ చేసుకునే స్నేహితుణ్ణి మాత్రం వదలకూడదు.

ఆస్తులు: ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఒకతను ఇండియాలో ఆస్తి లేదని రాశాడు. తాతగారు పోయాక తెనాలి దగ్గర ఎకరంన్నర పొలం అతని పేరిట మార్చి, పాసుపుస్తకం బీరువాలో పెట్టిన సంగతి వాళ్ల నాన్న ఫోన్లో చెప్పనేలేదు. విచారణాధికారితో ముఖాముఖికి ముందు తెలిసింది కాబట్టి తానే చెప్పి సరిదిద్దుకోగలిగాడు. ప్రశ్నలో ఉన్న మాట "ఎప్పుడైనా" కాబట్టి అమ్మేసిన ప్లాటు కూడా రాయాలి. ఫారం పంపేముందు ఇంటికి ఫోన్ చేసి "నా పేరు మీద ఏమేం ఉన్నాయి?" అని సూటిగా అడగండి. విదేశీ బ్యాంకు ఖాతాలన్నింటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటి ఉంటే ఎఫ్‌బార్ నివేదిక దాఖలు చేసి ఉండాలి. చేయకపోతే ఫారం పంపేముందే పన్నుల నిపుణుణ్ణి కలవండి.

ఉద్యోగాలు: చదువుకునే రోజుల్లో పెట్రోలు బంకులోనో, రెస్టారెంటులోనో చేతికి నగదు తీసుకుని పనిచేసినవారు ఆ భాగం దాచేయాలని చూస్తారు. దాచవద్దు. ఇది వలస చట్టానికి కూడా సంబంధించినది కనుక, ఏం రాయాలో ముందుగా న్యాయవాదిని అడిగి రాయండి. గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టంలో కాదు, దాన్ని వాడారా అన్న ప్రశ్నకూ దాచవద్దన్నదే నియమం.

సరిచూసుకునే పద్ధతి: పంపేముందు ఫారం పూర్తి నకలు దాచుకోండి. నెలలను వరుసగా పేర్చి చిరునామాల్లోనూ, ఉద్యోగాల్లోనూ ఖాళీ మిగిలిందేమో చూడండి. డీడీ 214 తేదీలు, రెజ్యూమే తేదీలు, ఈ ఫారం తేదీలు మూడూ కలవాలి. విచారణకు నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఆ మధ్యలో చేతిలో ఉన్న ఉద్యోగం వదలవద్దు.

7. దేహదారుఢ్యం, శిక్షణ

పరుగు, పుషప్‌ల ప్రమాణాలు సంస్థను బట్టి మారతాయి. సైన్యంలో అలవాటు ఉన్నవారికి ఇది పెద్ద అడ్డంకి కాదు గానీ, విచారణ సాగే నెలల్లో బరువు పెరిగి తప్పినవారు ఉన్నారు. గృహహింస కేసులో చిన్న నేరంగానైనా శిక్ష పడితే 1996 నాటి చట్టం ప్రకారం తుపాకీ పట్టే అర్హత పోతుంది. శిక్షణ చాలా సంస్థలకు జార్జియాలోని గ్లింకోలో జరుగుతుంది. సీక్రెట్ సర్వీస్ వారు ఆ తర్వాత మేరీల్యాండ్‌లోని తమ సొంత కేంద్రానికి పంపుతారు.

8. చేరిన మొదటి నెలలో చేయవలసినవి

మీ నియామక వివరాలతో ఇచ్చే ఎస్ఎఫ్ 50 పత్రంలో 23వ గడిలో వెటరన్ ప్రిఫరెన్స్ సరిగా పడిందో లేదో, 31వ గడిలో సెలవుల లెక్కకు పట్టే సర్వీసు తేదీ మీ సైనిక కాలాన్ని కలుపుకుని వెనక్కి జరిగిందో లేదో చూడండి. నాలుగేళ్ల యాక్టివ్ డ్యూటీ లెక్కలోకి వస్తే, రెండు వారాల జీతకాలానికి 4 గంటలకు బదులు 6 గంటల సెలవు మొదటి రోజు నుంచే వస్తుంది. ఈ గడి తప్పుగా పడితే ఎవరూ వచ్చి చెప్పరు, మీరే అడగాలి.

సైనిక కాలాన్ని ఫెడరల్ పింఛనులో కలుపుకోవాలంటే డిపాజిట్ కట్టాలి. సాధారణంగా అది సైన్యంలో వచ్చిన మూల వేతనంలో 3 శాతం, అలవెన్సులు ఇందులోకి రావు. నాలుగేళ్లలో మూల వేతనం మొత్తం 1,00,000 డాలర్లు అయితే కట్టవలసింది 3,000 డాలర్లు. మొదటి 2 సంవత్సరాలు వడ్డీ ఉండదు. ఆర్ఐ 20-97 ఫారంతో సైన్యపు వేతన కార్యాలయం నుంచి జీతం లెక్క తెప్పించి, ఎస్ఎఫ్ 3108 ఫారంతో మీ సంస్థకు దరఖాస్తు పెట్టండి. మొత్తం కట్టాక "పూర్తిగా చెల్లించారు" అన్న లేఖ తీసుకుని, అది మీ ఎలక్ట్రానిక్ సర్వీసు ఫైలులో చేరిందో లేదో స్వయంగా తెరిచి చూడండి. భద్రతా అనుమతి అవసరమైన ఉద్యోగమైతే ఇకమీదట ఇండియా ప్రయాణం ప్రతిదీ ముందుగా తెలియజేయాలి కాబట్టి, సంక్రాంతికి టికెట్టు కొనేముందే మీ సంస్థ భద్రతాధికారికి ఆ ప్రయాణ వివరాలు పంపండి.